ముప్పై ఎనిమిది కిలోల అవ్వ

కిందటి ఆదివారం కాడుగోడిలో మా అపార్ట్‌మెంట్‌లో ఫైర్ డ్రిల్ జరిగింది. సైరన్ మోగగానే అందరూ మెట్ల మీదుగా కిందికి దిగాలని వాట్సాప్‌లో మూడు రోజుల ముందే చెప్పారు. సైరన్ మోగింది. పద్నాలుగో అంతస్తు ఆయన లిఫ్టులో దిగాడు. తొమ్మిదో అంతస్తావిడ కాఫీ కప్పుతో వచ్చి, ఇంకా ఎంతసేపు నిలబడాలని సెక్యూరిటీ మీద విసుక్కుంది. ఒక జంట కుక్కని వెంట తెచ్చుకుని అత్తగారిని పైనే వదిలేసి వచ్చారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులట, నిజంగా మంటలొస్తే అప్పుడు చూసుకుంటారట. అసోసియేషన్ సెక్రటరీ అందరికీ ఫొటోలు తీసి బ్రహ్మాండంగా చేశారన్నాడు. మేమూ చప్పట్లు కొట్టాం.

చప్పట్లు కొడుతుంటే యలహంకలో మా పాత ఇంటి ఓనరు గుర్తొచ్చాడు. ఈ తంతు ఆయన కంటబడి ఉంటే ఈల ఊది మమ్మల్నందర్నీ మళ్ళీ పైకి తోలేవాడు, కుక్కతో సహా. ఆయన పోయి ఏడాదైంది. మంటకి, వరదకి, భూకంపానికి, గ్యాసు లీకుకి, ఆఖరికి కోతుల గుంపుకి కూడా సిద్ధపడి ఉన్న మనిషి, మధ్యాహ్నం సంకటి తిని నడుం వాల్చి మరి లేవలేదు. ఆయన జాబితాలో లేని పద్ధతి అదొక్కటే. ముందు తెలిసి ఉంటే దానికీ ఒక రిహార్సలు పెట్టేవాడు.

పెళ్ళయిన కొత్తలో మడివాళ పీజీలు వదిలి నేనూ మా ఆయనా ఇల్లు వెతుక్కుంటూ యలహంక పాతూరికి వెళ్ళాం. మాది బెజవాడ. బెంగళూరులో అద్దె ఇల్లు వెతికినవాళ్ళకి ఓనర్లు ఏమేం అడుగుతారో చెప్పక్కర్లేదు. మీరేమిట్లు, మాంసం వండుతారా, చుట్టాలెంతమంది వస్తారు. ఈయన అవేవీ అడగలేదు.

"ఏమప్పా, నీది ఏం బ్లడ్ గ్రూపు?" అని మా ఆయన్ని అడిగాడు. మా ఆయన బెదిరిపోయి చెప్పాడు. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుని నా వైపు తిరిగాడు. "నీకి ఈత వస్తాదామ్మా?"

రాదన్నాను.

"పర్వాలేదు. మీది మేడ మీద కదా" అని తాళాలు చేతిలో పెట్టాడు.

వాళ్ళు తాతల కాలం నుంచీ బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, కోపం వస్తే రెండూ. కింద ఆయన, మేం ఆంటీ అని పిలిచే ఆయన భార్య, కొడుకు, కోడలు, ఆయన తల్లి. ఆ తల్లిని వీధి వీధంతా అవ్వ అనే పిలిచేది. ఆయన ఏదో ఫ్యాక్టరీలో సేఫ్టీ సెక్షన్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆ ముప్పై ఏళ్ళలో అక్కడ ఎవరికీ ఏ ప్రమాదమూ జరగలేదట. ఏమీ జరగలేదు కాబట్టి ఆయన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఒక్క ప్రమాదం జరిగి ఉంటే తన విలువ తెలిసేదని ఆయన బాధ. ఆ బాధంతా ఇంటి మీదికి మళ్ళింది.

ఆయన మెడలో నల్లదారానికి ఎప్పుడూ ఒక ఈల వేలాడుతూ ఉండేది. స్నానానికి వెళ్ళినా తీసేవాడు కాదు. కొడుకు పెళ్ళి ఫొటోల్లో పట్టుపంచె, జరీ కండువా, ఈల. ఎవరింటికైనా వెళితే కూర్చోకముందే గ్యాసు బండ ఎక్కడుంది, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా అని చూసొచ్చేవాడు. ఒకసారి చుట్టాల పెళ్ళి నుంచి వచ్చాక, "పెళ్ళికూతురు ఎలా ఉంది అంకుల్?" అని అడిగాను.

"తూర్పు వాకిలికి తాళం వేసిండారమ్మా. ఐదొందలమంది జనం, ఒకటే దారి" అన్నాడు.

కోడల్ని చూడటానికి వెళ్ళినప్పుడు కూడా పాట వచ్చా, వంట వచ్చా అని అడగలేదట. "ఇంట్లో పొగ వస్తే ముందు ఏం చేస్తావు తల్లీ?" అన్నాడట. ఆ పిల్ల భయపడి, "ఊదుబత్తి ఆర్పేస్తాను" అందట. ఆ సమాధానంలో సమయస్ఫూర్తి ఉందని సంబంధం ఖాయం చేసుకున్నాడు. ఈ కథ కోడలే నాకు చెప్పి పడీపడీ నవ్వింది.

వాళ్ళ హాల్లో తలుపు పక్కన ఒక నీలం సంచీ ఉండేది. టార్చి, కొవ్వొత్తులు, తాడు, మాత్రలు, ఇంటి కాగితాలు, బిస్కెట్లు. ఆ బిస్కెట్ల గడువు ఆయన నోటి లెక్కలో ఉండేది. గడువు తీరే ముందు రోజు సంచీలోంచి తీసి కొత్తవి పెట్టి, పాతవి ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టేవాడు. ఆరేళ్ళలో, ఒక్కరోజు తప్ప, ఆ ఇంట్లో మేము తాజా బిస్కెట్టు తిని ఎరగం.

"ఆపద చెప్పి రాదమ్మా. అందుకే మనమే దానికి ముందుగా చెప్పి పెట్టాల" అనేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం, ముందే కోసి పెట్టుకోవాలి అని ఆయన సిద్ధాంతం. పక్కనుంచి ఆంటీ అందుకునేది. "నలభై ఏండ్లుగా ఆకులు కోస్తానే ఉండారు. చెట్టు బోడైపోయినాది. చేతులు మాత్రం ఇంగా కాల్లేదు."

ప్రతి రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి డ్రిల్లు. అద్దెకి వచ్చిన పాపానికి మాకూ తప్పదు. ఒక శనివారం మంట, ఇంకో నెల భూకంపం, వానాకాలమైతే వరద. మా వీధి పల్లంలో ఉంది, చివర్లో వాననీళ్ళు పోయే రాజకాలువ, దానికి ఎగువన చెరువు. కాబట్టి వరద ఆయనకి ప్రీతిపాత్రమైన ఆపద. కాంపౌండు గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీశాడు. నీళ్ళు ఆ గీతని తాకితే ఈల. ఈల మోగితే ఆంటీ గ్యాసు కట్టేసి నీలం సంచీ తీసుకోవాలి, కోడలు మెయిన్ స్విచ్ ఆపాలి, కొడుకూ మా ఆయనా అవ్వని ఎత్తుకుని మెట్లెక్కి మా ఇంట్లోకి చేర్చాలి. నేను రిజిస్టర్ పట్టుకుని పైన నిలబడి ఒక్కొక్కర్నీ పిలిచి టిక్కు పెట్టాలి. "గట్టిగా చెప్పల్లమ్మా. కింద నిలబడిన నాకి వినపడాల" అని షరతు. ఆయన కింద మెట్టు మీద స్టాప్‌వాచీతో నిలబడేవాడు.

ఒక్క అవ్వే మొండికేసింది. "ఉత్తుత్తికి చచ్చేది నాకి తెల్దురా. చచ్చేదప్పుడు నిజ్జంగానే చస్తా, పో" అని వెనక గదిలో తన మంచం మీద కూర్చుని తమలపాకులకి సున్నం రాసుకునేది. తల్లి మాట ఆయన జవదాటడు. కానీ బరువు లేకుండా చేసే డ్రిల్లు డ్రిల్లే కాదు. అందుకని ఒకరోజు ఆవిణ్ణి బతిమాలి కాటా మీద నిలబెట్టాడు. ముప్పై ఎనిమిది కిలోలు. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాకి పది కిలోల రాగులు, మూడు కిలోల బెల్లం జోడించి, అవ్వ పాత చీరలో మూటగట్టి, హాల్లో అవ్వ కుర్చీలో కూర్చోబెట్టాడు.

అప్పట్నుంచి డ్రిల్లులో అదే అవ్వ. "తల పక్క జాగ్రత్తప్పా! గోడకి తగలనీద్దు!" అని ఆయన కింద నుంచి అరుస్తుంటే, మా ఆయనా ఆ అబ్బాయీ చెమటలు కక్కుతూ మూటని మోసుకొచ్చేవాళ్ళు. నేను, "అవ్వ?" అనేదాన్ని. వాళ్ళు, "వచ్చింది" అనేవాళ్ళు. నేను టిక్కు పెట్టి, "అవ్వ వచ్చింది, అందరూ సరి" అని కేకేసేదాన్ని. అసలు అవ్వ గది గుమ్మంలోంచి ఆ చీరకట్టుకున్న మూటని చూసి, "నాకన్నా అదే బాగుండాది" అనేది.

ఆ మూటతో ఇంట్లో ఇంకో తగువు. పండగలకీ పబ్బాలకీ బియ్యం అయిపోతే ఆంటీ గుట్టుగా మూట ముడి విప్పి నాలుగు పావులు తీసుకునేది. ఈయన త్రాసు తగిలించి తూచి గగ్గోలు పెట్టేవాడు. "అవ్వ రెండు కిలోలు తగ్గినాది! ఎవరు తీసింది?"

"నేనే. మునిగేది ఎప్పుడో, తినేది ఇప్పుడు" అనేది ఆంటీ.

నాకిదంతా పండగ. ఆఫీసులో ఆయన్ని అనుకరించి చూపించడం నా ప్రత్యేకత. శుక్రవారం మీటింగు అయ్యాక, "ఏమైంది, ఈ నెల మునిగారా?" అని అడిగి మరీ చెప్పించుకునేవాళ్ళు. నేను ఈల ఊదినట్టు నటించి, మూట తల పక్క జాగ్రత్త అని ఆయన గొంతుతో అరిచేదాన్ని. అందరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేవాళ్ళు. ఇలా ఏణ్ణర్ధం గడిచింది.

ఆ ఏడు వానలు మూడు రోజులు విడవకుండా కొట్టాయి. నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక ఎగువ చెరువు కట్ట తెగింది. రాజకాలువ ఎదురుతన్ని నల్లటి నీళ్ళు వీధిలోకి వచ్చాయి. వానల మూలాన మా ఇద్దరికీ ఇంటి నుంచే పని, నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. కింద ఈల మోగింది. మా మేనేజరు అది విని, "మీ ఓనరేనా?" అని నవ్వాడు. నేనూ నవ్వుతూనే లాప్‌టాప్ మూసి రిజిస్టర్ అందుకున్నాను.

మెట్ల మీదికి వచ్చి చూస్తే నవ్వు పోయింది. ఎర్ర గీత కనిపించడం లేదు. ఆయన మోకాలి లోతు నీళ్ళలో, కింద మెట్టు దగ్గర, స్టాప్‌వాచీ పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. ఎవరూ అరవలేదు, ఎవరూ తొట్రుపడలేదు. గ్యాసు కట్టేశారు. స్విచ్ ఆగింది. నీలం సంచీ వచ్చింది. మా ఆయనా ఆ అబ్బాయీ హాల్లోకి పరిగెత్తి, కుర్చీలోంచి ఎత్తుకుని, తల గోడకి తగలకుండా మెట్లెక్కించి మా హాల్లో దించారు. నేను పేర్లు పిలిచాను. ఆంటీ ఉంది, కొడుకు ఉన్నాడు, కోడలు ఉంది.

"అవ్వ?"

"వచ్చింది" అన్నారు ఇద్దరూ రొప్పుతూ.

నేను టిక్కు పెట్టాను. "అవ్వ వచ్చింది, అందరూ సరి!" అని కిందికి కేకేశాను.

ఆయన స్టాప్‌వాచీ నొక్కి పైకి వచ్చాడు. "ఆరు నిమిషాల పది సెకన్లు! ఎప్పుడూ ఇంత బేగ చేయలేదు!" కొడుకుని కౌగిలించుకున్నాడు, మా ఆయన భుజం తట్టాడు. ఆ మనిషి మొహంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. సంచీ తెరిచి అందరికీ బిస్కెట్లు పంచాడు. ఆరోజు వాటికి గడువు ఇంకా రెండు నెలలుంది. మేం తింటూ కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చున్నాం. మా ఆయన వీడియో తీశాడు.

పావుగంట పోయాక ఆంటీ లేచింది. "ఇంతమందిమి ఉండాము, స్వల్ప అన్నమన్నా వండుతా" అని అలవాటుగా మూట దగ్గర కూర్చుని ముడి విప్పింది. గిన్నెలోకి ఒక పావు పోసింది. రెండో పావు పోసింది. మూడోది ముంచి అలాగే ఉండిపోయింది.

"ఏమండీ, అత్తమ్మ యాడ?"

అందరం బియ్యం వైపు చూశాం.

ఆయన రూల్సు పుస్తకంలో మొదటి రూలు, ఒకసారి పైకెక్కినవాళ్ళు బంగారం మర్చిపోయినా సరే కిందికి దిగకూడదని. ఆయన ఆ రూలు మీదుగా నాలుగేసి మెట్లు దూకుతూ దిగిపోయాడు. వెనకే కొడుకు. నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి. వాళ్ళు లోపలికి వెళ్ళి బయటికి వచ్చేదాకా ఎంతసేపైందో నాకు తెలియదు, ఎవరూ లెక్క చూడలేదు. అవ్వని వీపున వేసుకుని ఆయన మెట్లెక్కాడు. మంచం మీద పరుపు తడిసిపోయిందట. ఆవిడ కాళ్ళు ముడుచుకుని, ఆకుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చుని ఉందట. ఆయన ఆవిణ్ణి మా సోఫాలో దించి, కాళ్ళు తుడుస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఒక్క కేక వేయకూడదా అవ్వా?" అని కోడలు కూడా ఏడ్చింది.

"గొంతు రాలేదు లేమ్మా" అంది అవ్వ.

అందరూ నమ్మారు. పొద్దున ఆరింటికి పాలవాణ్ణి పిలిస్తే బస్టాండు దాకా వినిపించే గొంతు ఆవిడది. అయినా నమ్మారు, నేనూ నమ్మాను.

నాలుగు రోజులకి నీళ్ళు తీశాయి. ఇల్లంతా బురద. ఆయన మా ఇంటికి వచ్చి ఊరికే కూర్చున్నాడు. మొదటిసారి మా గ్యాసు బండ వైపు చూడలేదు. నేను ఉండబట్టలేక, "అంకుల్, టిక్కు పెట్టింది నేను. మూట నా కళ్ళ ముందే ఉంది. అయినా పెట్టేశాను" అన్నాను.

"నీ తప్పేముండాదమ్మా. తూకం సరిపోతే చాలనుకున్నా నేను. ఏణ్ణర్ధం పాటు మీకందరికీ ఆ మూటే అవ్వ అని నేర్పించినా. మీరు బాగా నేర్చుకున్నారు."

అది ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే బాగుండేది. ఆఫీసులో ఆ వారం అందరూ వరద కథ చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఆయన గొంతు మళ్ళీ ఎప్పుడూ అనుకరించలేదు కూడా.

ఇప్పుడు చెప్పేది ఆయనకి చెప్పలేదు. తల్లీ కొడుకూ ఇద్దరూ లేరు కాబట్టి చెబుతున్నాను. ఆ తర్వాతి వారం అవ్వ ఎండలో కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చుని, ఆవిణ్ణి కూడా క్షమించమని అడిగాను. ఆవిడ ఆకు నమలడం ఆపి చుట్టూ చూసింది.

"నీ గొంతు నాకి బాగా వినబడినాది తల్లీ. నీళ్ళు మంచం కోళ్ళు దాటతా ఉండాయి, అరుద్దామని నోరు తెరిస్తిని. అంతలో నువ్వు 'అవ్వ వచ్చింది, అందరూ సరి' అంటివి. పైన నా కొడుకు నవ్వినాడు. సరేలే, నేను లేకుండానే లెక్క సరిపోయింటాది, ఇంగ అరిచేదేంటికి అనుకొని ఊరికే ఉండిపోతిని."

పావుగంట. మేం బిస్కెట్లు తిన్న పావుగంట ఆవిడ అలా అనుకుని కూర్చుంది. మా వీడియోలో ఆ నవ్వులన్నీ ఉన్నాయి. ఆ రాత్రే మా ఆయన చేత దాన్ని డిలీట్ చేయించాను.

"వానికి చెప్పద్దు. సుమ్నే, ఊరికే కుమిలిపోతాడు" అంది అవ్వ.

రెండో శనివారం వచ్చింది. ఈల మోగదనుకున్నాం. నాలుగయింది. మోగింది, కానీ అంత గట్టిగా కాదు. కిందికి వంగి చూస్తే హాల్లో మూట లేదు. ఉతికిన చీర కట్టుకుని అవ్వ స్వయంగా కుర్చీలో కూర్చుని ఉంది. కొడుకూ మా ఆయనా ఎత్తుకుంటుంటే, "మెల్లిగరా! నడుము, నడుము! వీపు కింద చెయ్యి పెట్టండ్రా దరిద్రులారా!" అని వీధంతా వినబడేలా తిట్టింది. ఆరు నిమిషాలు కాదు, పదిహేను పట్టింది. మెట్ల మీద రెండుసార్లు దించి మంచినీళ్ళిచ్చారు. ఆయన ఈసారి కింద నిలబడలేదు. వాళ్ళ వెనకే ఒక్కో మెట్టూ ఎక్కుతూ, చేతులు కింద చాపి వచ్చాడు. పైకి వచ్చాక మాకు వీపు పెట్టి పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు.

నేను రిజిస్టర్ తెరిచి అందర్నీ పిలిచాను. చివరికి, "అవ్వ?" అన్నాను.

"వచ్చింది" అన్నారు మోసుకొచ్చిన ఇద్దరూ ఒకేసారి.

నేను రాయలేదు. పెన్ను పట్టుకుని అవ్వ వైపు చూశాను. ఆవిడ తాపీగా కొంగు సర్దుకుంది, ఊపిరి తీసుకుంది.

"ఉండాను."

టిక్కు పెట్టాను. పిట్టగోడ దగ్గర నుంచి, వెనక్కి తిరగకుండానే, ఆయన అన్నాడు: "ఇంగొక తూరి పిలువమ్మా."

నేను మళ్ళీ పిలిచాను.

"ఉండానంటిని కదరా!" అని కసిరింది అవ్వ. "ఎన్ని తూర్లు చెప్పాల నీకి?"